వెబ్ కామిక్‌కి కవరూ, ఎపిసోడ్ బొమ్మా గీయడం దండగేనా?

వడపళని_గీతలు:
అందరికీ నమస్కారం. మదరాసులో ట్రాములు తిరిగిన చివరి రోజుల మీద ఒక కథ గీస్తున్నాను. 1953లో ట్రాములు ఆగిపోయాయి కదా, దానికి ముందు ఏడాది జరిగే కథ. హీరో ట్రామ్ కండక్టర్, జార్జిటౌన్‌లో ఉండే తెలుగు కుర్రాడు. ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ చదివే పద్ధతిలోనే పెడతాను.

సమస్య ఏమిటంటే, పగలంతా చెన్నై ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం, రాత్రిళ్ళు బొమ్మలు. సిరీస్‌కి ఒక కవర్ ఎలాగూ వెయ్యాలి, అందులో పేచీ లేదు. కానీ ప్రతి ఎపిసోడ్ మొదట్లో ఒక నిండు బొమ్మ, దాని మీద పేరు, రంగులు అని పెట్టుకుంటే కథలో బోలెడు ప్యానెళ్ళు గీసే టైము దానికే పోతోంది. మా రూమ్మేట్ "ఎవడు చూస్తాడ్రా, లోపలి ప్యానెల్ ఒకటి కత్తిరించి పెట్టెయ్" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. గీసేవాళ్ళు ఏం చేస్తున్నారు? చదివేవాళ్ళు కూడా చెప్పండి, అసలు ఆ బొమ్మ చూస్తారా?

స్క్రోల్_రాణి:
చదివేదాన్ని కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. ఎపిసోడ్ మొదట్లో ఉండే బొమ్మని నేను చూడను. బొటనవేలు ఆగదు. పోయినసారి వాణ్ణి మెట్ల మీంచి తోసేశారు, బతికాడా లేదా అని నేను టెన్షన్‌లో ఉంటే, మధ్యలో పూలతోటలో హీరోయిన్ నవ్వుతూ నిలబడటం ఏమిటి?

సిరీస్ కవర్ సంగతి వేరు. మెట్రోలో కూర్చుని కొత్తది ఏదైనా మొదలుపెడదామని చూస్తే వరసగా కనపడేవి కవర్లే. కథ పరిచయం ఎవరూ చదవరు. కవర్ నచ్చితే లోపలికి వెళ్తా, లేకపోతే లేదు. అక్కడ మాత్రం పిసినారితనం చెయ్యకు.

తాంబరం_లోకల్:
నేను ఆ పూలతోట బొమ్మలే సేవ్ చేసుకుంటా. వాల్‌పేపర్లన్నీ అవే. కథ గుర్తు లేదు 😄

పాత_చందమామ:
వడపళని అని పేరు పెట్టుకుని ఈ ప్రశ్న అడగడం తమాషాగా ఉంది నాయనా. చందమామ ఆఫీసు ఉండేది వడపళనిలోనే. 1947 జులైలో మొదటి సంచిక వచ్చింది. ఎం.టి.వి. ఆచార్య, తరవాత వడ్డాది పాపయ్య వేసిన అట్టల కోసమే పత్రిక కొన్న ఇళ్ళు నాకు తెలుసు. చదవడం రాని ముసలమ్మలు కూడా అట్ట చూసి "ఇది ఫలానా ఘట్టం" అని చెప్పేవాళ్ళు.

కానీ నీ ప్రశ్నకి జవాబు అట్టలో కాదు, లోపల ఉంది. బేతాళ కథ ప్రతి నెలా ఎలా మొదలయ్యేది? విక్రమార్కుడి చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానం. శంకర్ గారు గీసిన ఆ బొమ్మ తెలుగువాళ్ళందరి కళ్ళలోనూ ముద్ర పడిపోయింది. ఆయన అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళులు, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీలోనే చదువుకున్నారు. 2020లో పోయారు, ఆ తరవాతి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే ఏం పోయేదో.

చెప్పొచ్చేదేమిటంటే, కథ ప్రతిసారీ కొత్తదే, మొదలు మాత్రం అదే. ఆ రాజు కనపడగానే పిల్లవాడు సర్దుకుని కూర్చునేవాడు. ప్రతి ఎపిసోడ్‌కీ కొత్త బొమ్మ గీయాలని నీకు ఎవరు చెప్పారు? ఒక్కటే గీయి, బాగా గీయి, దాన్నే పెడుతూ ఉండు.

వడపళని_గీతలు:
మాస్టారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. ఒకటే బొమ్మ అయితే చదివేవాళ్ళకి విసుగు పుట్టదా?

స్క్రోల్_రాణి:
పుడుతుంది. నెలకోసారి వచ్చే పత్రిక వేరు, ఒకే రాత్రి ముప్పై ఎపిసోడ్లు చదివేసే జనం వేరు. వరసగా ముప్పైసార్లు అదే రాజు, అదే శవం అంటే నేను ఫోన్ విసిరికొడతా.

అంబత్తూరు_ఇంకు:
నేను ప్రెస్సులో పనిచేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. అసలు కవర్‌కి అంత విలువ ఎందుకు వచ్చింది? కొట్లో తాడుకి వేలాడేది అదే. మంచి కాగితం, పూర్తి రంగులు కవర్‌కే దక్కేవి. లోపల చాలా పత్రికల్లో నలుపో, ఇంకో రంగు కలిపో. అంటే పాఠకుడికి రంగు దొరికేది అక్కడ మాత్రమే. ఫోన్‌లో ఆ తేడా లేదు. మొదటి ప్యానెల్ నుంచి చివరి ప్యానెల్ దాకా అన్నీ రంగులే. కాబట్టి "కవర్ అంటే రంగుల బొమ్మ" అనుకుని గీస్తే అది ఇంకో ప్యానెల్ లాగే ఉంటుంది, రాణి గారు దాటేస్తారు, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

మరి ఫోన్‌లో కవర్‌కి మిగిలింది ఏమిటి? నా లెక్కలో ఒక్కటే. కిందికి జరిపే కామిక్‌లో బొమ్మ ఎప్పుడూ ముక్కలుగానే కనపడుతుంది. పొడుగు ప్యానెల్ గీస్తే తల పైకి పోయాక గానీ కాళ్ళు రావు. మొత్తం ఒక్క చూపులో ఆగి కనపడేది కవర్ మాత్రమే. కండక్టరూ, ట్రామూ, ఊరూ, ఆ కాలమూ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఎంత సైజులో ఉన్నాయో చెప్పే చోటు అదొక్కటే. దాన్ని ముఖం క్లోజప్‌తో నింపేస్తే ఆ చోటు వృథా.

కలర్_సుబ్బు:
ఇంకు అన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. నేను రంగులు వేసే పని చేస్తాను, బయటి దేశాల వెబ్‌టూన్లకి, అంటే ఇలా ఫోన్‌లో కిందికి జరిపి చదివే కామిక్‌లకి. పెద్ద కవర్‌కి ఆయన మాట కరెక్టే. కానీ ఆ కవర్ ఎంత సైజులో కనపడుతుందో చూశారా? మనం 1080 × 1920లో గీస్తాం, జనం చూసేది వేలి గోరంత. ఊరూ, ఆ కాలమూ అన్నీ పెడితే అక్కడ మచ్చ మిగులుతుంది.

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, రఫ్ వేయగానే దాన్ని చిన్నది చేసి, రంగు తీసేసి, నలుపు తెలుపుల్లో చూస్తాం. అప్పుడు కూడా మనిషెవరో, ఏం చేస్తున్నాడో తెలియాలి. తెలియకపోతే రంగులు ఎంత పోసినా లాభం లేదు. వెలుతురూ చీకటీ సరిగ్గా విడిపోతే చాలు, మిగతాది తరవాత.

ఇంకొకటి. కొరియా కంపెనీ నేవర్ వాళ్ళు 2004లో వెబ్‌టూన్ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ రంగంలో కవర్, థంబ్‌నెయిల్ (ఎపిసోడ్ల లిస్టులో కనపడే చిన్న బొమ్మ) రెండూ వేరు వేరు పనులుగా తయారయ్యాయి. సిరీస్ మొదలయ్యేటప్పుడు ఒక పెద్ద బొమ్మ. ఎపిసోడ్ థంబ్‌నెయిల్‌కి సాధారణంగా లోపలి ప్యానెలే, కానీ ఏదో ఒకటి కత్తిరించి పడెయ్యరు. ఒక కన్నో, ఒక చెయ్యో, విరిగిన గాజులో, అలాంటిది ఒక్కటి వెతికి పెడతారు. మీ రూమ్మేట్ చెప్పింది తప్పేం కాదు, కత్తిరించడంలోనే పనితనం.

స్క్రోల్_రాణి:
థంబ్‌నెయిల్ అన్నారు కాబట్టి నా పాత కోపం ఒకటి చెప్పుకుంటా. ఒక సిరీస్ చదువుతున్నా, తాతగారి పాత్ర అంటే ప్రాణం. ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు లిస్టులో కొత్త ఎపిసోడ్ థంబ్‌నెయిల్ చూస్తే తాతగారి పటం, పటానికి దండ. ఇంకేం చదవాలి? ఏడవడానికి కూడా అవకాశం ఇవ్వలేదు. దయచేసి ఎపిసోడ్ చివర్లోవి కత్తిరించకండి.

తాంబరం_లోకల్:
దండ 😭😭

పెరంబూరు_చదువరి:
నేను ఎక్కువ రాయను, తప్పులుంటే సర్దుకోండి. మాది ఇక్కడ మూడు తరాల కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006 చట్టం తరవాత బడిలో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు రాయడం నేను పెద్దయ్యాక ఫోన్‌లో నేర్చుకున్నాను. తెలుగు బెలూన్లు చదవడానికి నాకు టైం పడుతుంది, ఒత్తులు వస్తే ఆగిపోతా.

నాకు మొదటి బొమ్మ చాలా అవసరం. ఎపిసోడ్లకి మధ్య గ్యాప్ వస్తుంది, పోయినసారి ఏం జరిగిందో మర్చిపోతా. మొదట్లో బొమ్మలో ఎవరున్నారో చూస్తే ఈ ఎపిసోడ్ వాళ్ళ గురించి అని తెలుస్తుంది, అప్పుడు మాటలు తొందరగా అర్థమవుతాయి. చెన్నైలో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ట్రామ్ కథ అంటే మా తాత వినిపించుకునే కథ, మా ఇంట్లో అందరూ చూస్తారు. చదవగలిగేది ఎంతమందో చెప్పలేను.

వడపళని_గీతలు:
మీ మాట వినకపోతే నేను మా రూమ్మేట్ మాటే వినేవాణ్ణి. నిజంగా థాంక్స్. మీరు రాసిన తెలుగులో తప్పులేమీ లేవు.

అంబత్తూరు_ఇంకు:
పెరంబూరు గారు చెప్పింది పట్టుకుంటే పాత వారపత్రికల్లో సీరియల్ బొమ్మ చేసిన పని కూడా అదే. వారం గ్యాప్ తరవాత పాఠకుణ్ణి మళ్ళీ కథలో కూర్చోబెట్టేది మొదటి పేజీ బొమ్మే. అందుకే అక్షరాలతో రాసిన కథలకి కూడా ఆ బొమ్మలు ఉండేవి. బుడుగు ఎలా ఉంటాడని ఎవర్నడిగినా బాపు గారు గీసిన బుడుగునే చెప్తారు. మాటలు రమణ గారివి, మన మనసులో ఉన్న ముఖం బాపు గారిది.

పాత_చందమామ:
బాపు గారి అట్ట ఉంటే నవల పేరు కూడా చూడకుండా కొన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కొన్ని నవలలకి ఆ అట్టే ఎక్కువ. పేర్లు చెప్పను, రచయితలు ఇప్పటికీ ఉన్నారు.

తాంబరం_లోకల్:
అయితే కవర్ మాత్రం ఏఐతో చేయించేస్తే? నిమిషంలో పని అయిపోతుంది. లోపల గీతలు గారు గీసుకుంటారు, కవర్ అది గీస్తుంది. కొట్టకండి, ఊరికే అడుగుతున్నా.

కలర్_సుబ్బు:
కొట్టను గానీ, పని జరగదు. అది ఇచ్చే కండక్టర్ ముఖం, లోపల గీతలు గారు గీసిన ముఖం ఒకటి కాదు. యూనిఫారం గుండీలు ఒకసారి అయిదు, ఒకసారి ఏడు. 1950ల మదరాసు ట్రామ్ అడిగితే ఏ ఊరి ట్రామో ఇస్తుంది. పైగా పాఠకులు పట్టేస్తున్నారు. 2023లో కొరియాలో ఏఐ వాడారన్న అనుమానం వచ్చిన సిరీస్‌కి జనం వరసపెట్టి తక్కువ రేటింగ్ ఇచ్చారు. కవర్ మీద ఒకసారి అనుమానం వచ్చిందంటే లోపల చేత్తో గీసింది కూడా నమ్మరు.

స్క్రోల్_రాణి:
ఏఐ సంగతి అలా ఉంచండి, మనుషులు చేసినా నాకు ఒప్పదు. కవర్ ఒకరితో గీయించి లోపల ఇంకొకరు గీయడం, పెళ్ళిచూపుల్లో ఒకరిని చూపించి పీటల మీద ఇంకొకరిని కూర్చోబెట్టినట్టు.

అంబత్తూరు_ఇంకు:
అలా కొట్టిపారెయ్యకండి. అమెరికాలో శాండ్‌మన్ అని 75 సంచికలు వచ్చిన కామిక్ ఉంది. లోపల రకరకాల ఆర్టిస్టులు గీశారు, మొత్తం 75 కవర్లూ డేవ్ మెక్‌కీన్ ఒక్కరే చేశారు. ఫొటోలు, వస్తువులు, రంగులు కలిపి చేసిన కవర్లు, లోపలి బొమ్మలతో పోలికే ఉండదు. అయినా ఎవరూ మోసపోయాం అనలేదు. లోపల చెయ్యి మారుతున్నా ఇది ఒకే కథ అని పాఠకుడికి చెప్పింది ఆ కవర్లే. కవర్ లోపలి గీతని అనుకరించకుండా ఆ కథ వాసన పట్టిస్తే ఎవరు గీసినా తప్పు లేదు. లోపల లేని అందాన్ని ఉందని చూపిస్తే అది మోసం.

స్క్రోల్_రాణి:
అది పేరున్న కామిక్. కొత్తవాళ్ళు ఆ పని చేస్తే నేను మూడో ప్యానెల్ దగ్గర వెనక్కి వెళ్ళిపోతా. నా మాట నాది.

కలర్_సుబ్బు:
ఎపిసోడ్ బొమ్మ గురించి ఒక దారి చెప్తా. వన్ పీస్ అనే మాంగా (జపాన్ కామిక్) చదివినవాళ్ళకి తెలుసు, చాప్టర్ మొదటి పేజీ బొమ్మల్లో దాన్ని గీసే ఓడా వేరే చిన్న కథ నడిపిస్తాడు. అసలు కథలోంచి వెళ్ళిపోయిన పక్క పాత్రలు ఇప్పుడు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని, చాప్టర్‌కి ఒక బొమ్మ చొప్పున. వాళ్ళే చాలా కాలానికి అసలు కథలోకి తిరిగి వస్తారు. ఆ బొమ్మలు దాటేసినవాళ్ళు "వీడు ఇక్కడికి ఎలా వచ్చాడు" అని బుర్ర గోక్కుంటారు. రాణి అక్కలాంటివాళ్ళ బొటనవేలు ఆపాలంటే ఇదే మార్గం.

స్క్రోల్_రాణి:
అలాగైతే ఆగుతా. కథ ఉంటే ఆగనని ఎప్పుడన్నాను?

పాత_చందమామ:
నా బేతాళుడూ, సుబ్బు గారి పక్క కథా కలిపితే ఎలా ఉంటుంది? ఒకే బొమ్మ, ఒకే కోణం. ట్రామ్ లోపలి బెంచీ. ప్రతి ఎపిసోడ్‌లో బెంచీ అదే, కూర్చునేవాళ్ళు మారతారు. ఒకరోజు కూరల గంప పెట్టుకున్న ఆవిడ, ఒకరోజు హైకోర్టుకి పోయే గుమాస్తా, ఒకరోజు ఎవరూ లేరు. నీకు బెంచీ మళ్ళీ గీయాల్సిన పని లేదు. ఆ ఏడాది ఊళ్ళో గొడవలు కూడా తక్కువేం కావు, "మద్రాస్ మనదే" అని తెలుగువాళ్ళు, కాదని తమిళులు. బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు లేచి నిలబడ్డారు అన్నదాంట్లోనే చాలా చెప్పొచ్చు.

వడపళని_గీతలు:
మాస్టారూ! దీన్ని నేను వాడుకోవచ్చా? ఈ కథకి ఇంతకన్నా సరిపోయే ఎపిసోడ్ బొమ్మ నాకు దొరకదు. పెరంబూరు గారికి కావలసిందీ ఇందులోనే వస్తుంది. ఆ ఎపిసోడ్ ఎవరిదో వాళ్ళే బెంచీ మీద ఉంటారు.

పాత_చందమామ:
వాడుకో. నేను గీయలేను కదా.

వడపళని_గీతలు:
సిరీస్ కవర్ రఫ్ పెడుతున్నాను, చూడండి. రాత్రి, ఖాళీ ట్రామ్, మెట్టు మీద కండక్టర్, వెనక మింట్ వీధి దీపాలు. పైన పేరు.

అంబత్తూరు_ఇంకు:
బొమ్మ బాగుంది. కొలత మాత్రం ఇప్పుడే మార్చండి. 1080 పిక్సెళ్ళ వెడల్పుని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేస్తే వచ్చేది 3.6 అంగుళాలు. రేపు పుస్తకం వేద్దామనుకుంటే డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) కవర్‌కి కనీసం 1650 × 2550 కావాలి, చుట్టూ కోతకి 3 మిల్లీమీటర్లు అదనం. పెద్దది గీసి చిన్నది చేసుకోవచ్చు, చిన్నది గీసి పెద్దది చెయ్యలేం. ఇది చెప్పినా వినకుండా వచ్చి నా టేబుల్ ముందు నిలబడేవాళ్ళు బోలెడుమంది.

బెంచీ బొమ్మలు కూడా అంతే. పుస్తకంలో అధ్యాయాల మధ్య పేజీలకి అవే పనికొస్తాయి. పొడుగు ప్యానెళ్ళని పేజీల్లోకి సర్దడమే పెద్ద తలనొప్పి, అక్కడ ఈ నిండు బొమ్మలు కొంత ఊపిరినిస్తాయి.

కలర్_సుబ్బు:
చిన్నది చేసి చూశాను. కండక్టర్ ట్రామ్ రంగులో కలిసిపోతున్నాడు. ట్రామ్ లోపలి దీపం వెలుతురు అతని వెనక పడేలా చెయ్యండి, మనిషి ఆకారం విడిపోతుంది. మనిషి, ట్రామ్, వెనక వీధి మూడూ వేరు వేరు లేయర్లలో ఉంచుకోండి. నిలువు బొమ్మ ఒకటి, చదరం ఒకటి కావాలి. వాట్సాప్‌లో లింకు పంపితే కనపడే అడ్డబొమ్మ, 1200 × 630, అది ఇంకొకటి. ఒకే బొమ్మని మూడు చోట్ల కోస్తే ఎక్కడో ఒకచోట తల తెగుతుంది. లేయర్లుంటే జరుపుకోవచ్చు.

ఇక పేరు. ఫొటోషాప్‌లో కొట్టారు కదా? ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. టైప్ సెట్టింగ్స్‌లో భారతీయ భాషలకి పనిచేసే ఇంజన్ ఎంచుకుంటే సరిగ్గా వస్తాయి. సన్నటి ఫాంట్ వద్దు, రామభద్ర లాంటి లావు అక్షరం వాడండి. థంబ్‌నెయిల్ మీద మాత్రం అక్షరాలు అసలు పెట్టకండి. ఇంగ్లీషు అక్షరాలు ఆ సైజులో ఎలాగోలా కనపడతాయి, మన గుడులు, ఒత్తులు కనపడవు.

పెరంబూరు_చదువరి:
పేరు లావుగా ఉంటే నాకూ మేలు. ఇంకో మాట, కవర్‌లో కండక్టర్ ముఖం కనపడటం లేదు. టోపీ నీడ పడింది. మా తాతకి చూపిస్తే "ఎవరు వీడు, దొంగా?" అన్నాడు.

తాంబరం_లోకల్:
తాతగారికి ఫుల్ మార్కులు.

స్క్రోల్_రాణి:
నాకు ఆ నీడే నచ్చింది. దొంగా, దొరా తెలుసుకోడానికే లోపలికి వెళ్తా. మార్చకు తమ్ముడూ.

వడపళని_గీతలు:
ఇదెక్కడి గొడవ అక్కా, ఇద్దరికీ నచ్చేలా ఎలా గీయను? నిలువు కవర్‌లో నీడ ఉంచి, చదరం బొమ్మలో ముఖం చూపిస్తే?

అంబత్తూరు_ఇంకు:
రెండూ గీసి ఇక్కడే పెట్టండి. ముఖం ఉన్నది తాతగారికి మళ్ళీ చూపించమనండి.

పాత_చందమామ:
నీడ సంగతి మీరు తేల్చుకోండి. ట్రామ్ పైన కరెంటు తీగ గీయడం మర్చిపోయావు నాయనా. మదరాసు ట్రాములు 1895లో మొదలైనప్పటి నుంచీ కరెంటుతోనే నడిచాయి. తీగ లేకపోతే ఈ ఊరి పాతవాళ్ళు ఒక్కరు కూడా నమ్మరు.